డేటా సఫిషియెన్సీలో వర్గ సమీకరణం ఒక్కటే ఇస్తే "చాలదు" అని పెట్టేయొచ్చా?

బీకాం_ఫైనల్ (కరీంనగర్)

అందరికీ నమస్తే. ఐసెట్‌కి ప్రిపేర్ అవుతున్నాను. పదో తరగతి తర్వాత నాకు లెక్కలతో పని పడలేదు, కానీ అనలిటికల్ సెక్షన్‌లో డేటా సఫిషియెన్సీకే (ప్రశ్నతో పాటు రెండు స్టేట్‌మెంట్లు ఇచ్చి, జవాబు తేల్చడానికి అవి చాలతాయా అని అడిగేవి) 20 బిట్లు ఉంటాయి కాబట్టి వాటిని వదులుకోవడం ఇష్టం లేదు. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేస్తున్నాను, అందుకని ఎక్స్, వై బదులు క, చ అని రాస్తాను, సర్దుకోండి.

ఆప్షన్లు మీకు తెలిసినవే, అయినా రాస్తున్నాను: 1 అంటే మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు, 2 అంటే రెండోది ఒక్కటే చాలు, 3 అంటే విడివిడిగా చాలవు గానీ రెండూ కలిస్తే చాలు, 4 అంటే కలిపినా చాలవు, ఇంకా సమాచారం కావాలి.

ఒక వీడియోలో చెప్పిన రూల్ ఏంటంటే, స్టేట్‌మెంట్‌లో వర్గ సమీకరణం కనిపిస్తే రెండు విలువలు వస్తాయి, అంటే ఒకే జవాబు రాదు, కాబట్టి సాల్వ్ చేయకుండానే "చాలదు" అని కొట్టేసి ముందుకు పో అని. వినడానికి బాగుంది, టైమ్ కూడా మిగులుతుంది. కానీ నా దగ్గరున్న మెటీరియల్‌లో మూడు బిట్లు చూడండి.

మొదటిది. క విలువ ఎంత? స్టేట్‌మెంట్ 1: క² − 7క + 12 = 0. స్టేట్‌మెంట్ 2: క² − 9 = 0. కీలో 3. ఇది రూల్ ప్రకారమే ఉంది.

రెండోది. ఒక హాల్లో కుర్చీల వరుసలు ఎన్ని? స్టేట్‌మెంట్ 1: ఒక్కో వరుసలో ఉన్న కుర్చీలు వరుసల సంఖ్య కంటే 4 ఎక్కువ, మొత్తం కుర్చీలు 96. స్టేట్‌మెంట్ 2: వరుసల సంఖ్య సరి సంఖ్య. కీలో 1. ఇక్కడ కూడా వర్గ సమీకరణమే వస్తోంది కదా, మరి ఒక్కటే ఎలా చాలింది?

మూడోది అసలు అర్థం కాలేదు. క + 1/క విలువ ఎంత? స్టేట్‌మెంట్ 1: క² − 3క + 1 = 0. స్టేట్‌మెంట్ 2: క > 1. కీలో 1. దీనికి ఫ్యాక్టర్లు కూడా రావు, ఫార్ములా వేస్తే రూట్ 5తో రెండు విలువలు వస్తున్నాయి. నేనైతే 3 అనుకున్నాను.

కీ తప్పా, రూల్ తప్పా? 200 ప్రశ్నలకి 150 నిమిషాలంటే ఒక్కోదానికి 45 సెకన్లు, ఆ టైమ్‌లో ఇవన్నీ ఎలా చూడాలో కూడా కాస్త చెప్పండి.

లెక్కల_టీచర్

మూడింటికీ కీ సరైనదే. ఆ రూల్‌ని మాత్రం ఇవాళే పక్కన పెట్టేయండి, దానివల్ల మార్కులు పోతాయి.

సమీకరణానికి ఎన్ని మూలాలు వచ్చాయో లెక్కపెట్టి ఆగిపోకండి, ఆ మూలాలను తీసుకెళ్లి పైన అడిగిన ప్రశ్నలో వేస్తే ఎన్ని జవాబులు వస్తున్నాయో లెక్కపెట్టండి. నేను స్కూల్లో పదో తరగతికి చెప్తాను, అక్కడ మూలాలు కనుక్కోవడంతోనే లెక్క అయిపోతుంది, ఫుల్ మార్కులు వేసేస్తాం, అందుకని పిల్లలకి రెండు మూలాలు రాగానే పని అయిపోయిందన్న అలవాటు ఉండిపోతుంది. డేటా సఫిషియెన్సీలో అది సగం పనే.

మీ మూడో బిట్ తీసుకోండి. క² − 3క + 1 = 0లో క సున్నా కాదు, ఎందుకంటే సున్నా వేస్తే 1 = 0 అవుతుంది. కాబట్టి మొత్తాన్ని కతో భాగించవచ్చు, క − 3 + 1/క = 0 వస్తుంది, అంటే క + 1/క = 3. క విలువలు రెండు ఉన్నాయి నిజమే, కానీ ఏది తీసుకున్నా అడిగిన దాని విలువ 3 మాత్రమే. ప్రశ్న క గురించి అడగలేదు కదా. ఇలా ఒక రాశి విలువ అడిగినప్పుడు ఫార్ములా జోలికి వెళ్లకముందే ఇచ్చిన సమీకరణాన్ని అటూ ఇటూ మార్చి ఆ రాశి వస్తుందేమో చూడండి. క² − 5క + 6 = 0 ఇచ్చి క² − 5క ఎంత అని అడిగినా అంతే, −6 అని కంటికే కనిపిస్తోంది, అక్కడ 2, 3 అని మూలాలు తీయడం టైమ్ వేస్ట్.

హాల్ బిట్‌లో వరుసలు క అనుకుంటే క(క + 4) = 96, అంటే క² + 4క − 96 = 0, మూలాలు 8, −12. వరుసలు మైనస్ 12 ఉండవు. ఒకటే మిగిలింది, చాలు. మనుషులు, కుర్చీలు, వయసు, పొడవు, ధర, ఇలాంటివి అడిగినప్పుడు ప్రశ్నలో రాయకపోయినా ధన సంఖ్య అన్న షరతు ఉన్నట్టే. స్థిరపదం మైనస్‌లో ఉంటే (క² ముందు ప్లస్ ఉన్నప్పుడు) ఒక మూలం ధనం, ఒకటి రుణం అని సాల్వ్ చేయకుండానే తెలుస్తుంది, అంటే ధన విలువ ఒక్కటే. అయితే మనుషుల్లాంటి లెక్కల్లో అది పూర్ణాంకమో కాదో కూడా చూసుకోవాలి అని కొందరికి అనిపించొచ్చు, ఆ అవసరం లేదు, ప్రశ్నలో ఉన్న హాల్ నిజంగా ఉంది కాబట్టి వచ్చే ధన మూలం ఎలాగూ సరిగ్గానే కూర్చుంటుంది.

ఈ సంగతి మనవాళ్లు ఎప్పుడో పట్టించుకున్నారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు బీజగణితంలో రెండు కోతుల లెక్కలు ఇచ్చాడు, నేను క్లాసులో వాటితోనే మొదలుపెడతాను. మొదటి లెక్కలో కోతుల మందలో ఎనిమిదో వంతు తీసుకుని దాని వర్గమెంతో అన్ని కోతులు అడవిలో ఆడుకుంటున్నాయి, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి. (క/8)² + 12 = క, సాధిస్తే 48, 16. వేసి చూడండి, 48లో ఎనిమిదో వంతు 6, వర్గం 36, దానికి 12 కలిపితే 48. 16లో ఎనిమిదో వంతు 2, వర్గం 4, 12 కలిపితే 16. రెండూ కుదురుతున్నాయి, ఆయన రెండూ ఒప్పుకున్నాడు. రెండో లెక్కలో మందలో అయిదో వంతు నుంచి మూడు తీసేసి, వచ్చినదాని వర్గమంత కోతులు గుహలోకి పోయాయి, ఒక్కటి కొమ్మెక్కి కనిపిస్తోంది. (క/5 − 3)² + 1 = క, మూలాలు 50, 5. కానీ మందలో 5 కోతులే ఉంటే అయిదో వంతు 1, అందులోంచి మూడు తీయాలి. కుదరదు. అందుకని 5ని వదిలేసి 50 ఒక్కటే జవాబన్నాడు.

ఇప్పుడు వీటినే డేటా సఫిషియెన్సీ బిట్లుగా ఊహించుకోండి. రెండూ వర్గ సమీకరణాలే, రెండింటికీ రెండేసి ధన పూర్ణాంక మూలాలే. మొదటిది చాలదు, రెండోది చాలు. మొదటి లెక్కకి "మందలో కోతులు 20 కంటే ఎక్కువ" అని స్టేట్‌మెంట్ 2 ఇస్తే జవాబు 3 అవుతుంది.

పీవో_ప్రిపరేషన్

టీచర్ గారు బాగా చెప్పారు. నేను బ్యాంక్ ఎగ్జామ్స్ వైపు నుంచి ఒకటి కలుపుతాను తమ్ముడూ. పీవో ప్రిలిమ్స్ ప్రిపరేషన్‌లో రెండు వర్గ సమీకరణాలు ఇచ్చి క పెద్దదా చ పెద్దదా, లేక చెప్పలేమా అని అడిగే బిట్లు రోజూ చేస్తాం. వాటికి మూలాలన్నీ తీయాలి, పోల్చాలి. ఆ స్పీడ్ వచ్చాక డేటా సఫిషియెన్సీలో కూడా చేయి దానంతట అదే ఫ్యాక్టర్లు రాసేస్తుంది. ఇక్కడ చాలా బిట్లకి అంత దూరం అవసరం లేదు, గుర్తులు చూస్తే చాలు.

ముఖ్యంగా "అవునా, కాదా" ప్రశ్నలు. క ధన సంఖ్యేనా అని అడిగి స్టేట్‌మెంట్‌లో క² − 9క + 14 = 0 ఇచ్చాడనుకో. మూలాల లబ్ధం +14, మొత్తం +9, అంటే రెండూ ధనమే. ఏది క అయినా జవాబు "అవును". చాలు. అదే క² + 9క + 14 = 0 ఇస్తే రెండూ రుణమే, జవాబు "కాదు". ఇది కూడా చాలు! ఇక్కడ చాలామంది పొరపడతారు, "కాదు" వచ్చింది కాబట్టి స్టేట్‌మెంట్ పనికిరాదు అనుకుంటారు. ఖచ్చితంగా కాదు అని చెప్పగలిగితే అది పూర్తి జవాబే. చాలనిది ఎప్పుడంటే క² − 5క − 14 = 0 లాంటిది ఇచ్చినప్పుడు, లబ్ధం మైనస్, ఒకటి 7, ఇంకోటి −2, ఒకసారి అవును ఒకసారి కాదు.

ఇంకో ట్రాప్. క విలువ ఎంత? స్టేట్‌మెంట్ 1: క² = 5క. స్టేట్‌మెంట్ 2: క సున్నా కాదు. రెండు వైపులా క కొట్టేసి క = 5 అనేసి ఆప్షన్ 1 పెడతారు. కొట్టేయకూడదు, క సున్నా కూడా కావచ్చు. 0, 5 రెండూ మూలాలే, స్టేట్‌మెంట్ 2 వచ్చాకే 5 ఖాయం అవుతుంది. జవాబు 3. స్టేట్‌మెంట్ 2లో "సున్నా కాదు" అని చూడగానే స్టేట్‌మెంట్ 1లో సున్నా ఎక్కడో దాక్కుందని అనుమానం రావాలి.

బీకాం_ఫైనల్ (కరీంనగర్)

మేడమ్, అన్నా, ఇద్దరికీ థాంక్స్. ముఖ్యంగా "కాదు" కూడా జవాబే అన్నది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

రెండు అజ్ఞాతాలు ఉంటే? రెండు సమీకరణాలు రెండు అజ్ఞాతాలు ఉంటే సాల్వ్ అయిపోతుంది కాబట్టి ఆప్షన్ 3 అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఉదాహరణకి క − చ ఎంత? స్టేట్‌మెంట్ 1: క + చ = 7. స్టేట్‌మెంట్ 2: కచ = 12.

లెక్కల_టీచర్

అది రేఖీయ సమీకరణాల మాట, అక్కడ కూడా రెండు గీతలు ఒకే ఒక్క చోట ఒకదాన్నొకటి ఖండించాలి అన్న షరతుతో. లబ్ధం వచ్చిందంటే వర్గం లోపలికి వచ్చినట్టే.

(క − చ)² = (క + చ)² − 4కచ = 49 − 48 = 1. క − చ అనేది 1 కావచ్చు, −1 కావచ్చు. క 4, చ 3 అయినా కుదురుతుంది, తిరగేసినా కుదురుతుంది, రెండు స్టేట్‌మెంట్లూ ఆ ఇద్దరి మధ్య తేడా చూపించవు. జవాబు 4. అవే స్టేట్‌మెంట్లతో క² + చ² అడిగితే 49 − 24 = 25, అటు ఇటు మార్చినా మారదు, జవాబు 3. ప్రశ్నలోనే "క > చ అయితే" అని ఉంటే క − చ కూడా 1 అని తేలిపోతుంది. అడిగిన రాశిలో క, చలను తారుమారు చేసి రాసి చూడండి. రాశి మారకపోతే మొత్తం, లబ్ధం రెండూ తెలిస్తే చాలు. మారితే, క, చ సమానం కానంత వరకు ఎవరు పెద్దో చెప్పే సమాచారం ఇంకా కావాలి.

వర్గాలు కనిపించినా భయపడనక్కర్లేని సందర్భం కూడా ఉంది. స్టేట్‌మెంట్ 1: క + చ = 8. స్టేట్‌మెంట్ 2: క² − చ² = 16. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే క − చ = 2, ఒకే విలువ, గొడవ లేదు.

జీమ్యాట్_రిటేక్ (హైదరాబాద్)

నేను జీమ్యాట్ రాస్తున్నాను, అక్కడి నుంచి రెండు మాటలు. 2023 నవంబర్‌లో వచ్చిన కొత్త ఫార్మాట్ తర్వాత డేటా సఫిషియెన్సీ క్వాంట్‌లో లేదు, డేటా ఇన్‌సైట్స్ అనే సెక్షన్‌లోకి వెళ్లింది, 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు, కాబట్టి ఐసెట్ కంటే ఊపిరి తీసుకునే టైమ్ ఉంటుంది, ప్రశ్నలు మాత్రం ఎక్కువ తిప్పి అడుగుతారు. ఆప్షన్లలో పెద్ద తేడా ఏంటంటే అక్కడ అయిదు ఉంటాయి, అందులో డి అంటే "ఏ స్టేట్‌మెంట్ అయినా విడిగా చాలు". ఐసెట్‌లో అది లేదు. కాబట్టి తమ్ముడూ, జీమ్యాట్ మెటీరియల్‌తో ప్రాక్టీస్ చేస్తే మంచిదే గానీ ఆప్షన్ నంబర్లు కలిపేసుకోకు.

డికి ఉదాహరణ: క² + ట·క + 12 = 0లో ట ఎంత? స్టేట్‌మెంట్ 1: ఒక మూలం 3. స్టేట్‌మెంట్ 2: ఒక మూలం 4. 3 వేస్తే 9 + 3ట + 12 = 0, ట = −7. 4 వేసినా 16 + 4ట + 12 = 0, ట = −7. ఇప్పుడు స్టేట్‌మెంట్ 2 మార్చి "మూలాల మధ్య తేడా 1" అని ఇచ్చాడనుకో. ట² − 48 = 1, ట అనేది 7 లేదా −7. విడిగా చాలదు. కానీ స్టేట్‌మెంట్ 1 అప్పుడే చదివి ఉన్నావు కదా, మూలం 3 అన్న మాట బుర్రలో ఉండిపోయి −7 ఒక్కటే అనుకుని రెండూ చాలు అనేస్తావు. స్టేట్‌మెంట్ 2 చూసేటప్పుడు మొదటిదాన్ని చేత్తో మూసేసి చదవడం నేను చేసే పని, స్క్రీన్ మీద కూడా.

ఇంకోటి, మీ మొదటి బిట్‌కి షార్ట్‌కట్. క² − 7క + 12 = 0, క² − 9 = 0. విడివిడిగా చాలవని తెలిశాక మళ్లీ మూలాలు తీసి ఉమ్మడిది వెతకక్కర్లేదు, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్. −7క + 21 = 0, క = 3. వర్గం ఎగిరిపోయింది. జీమ్యాట్‌లో రెండు స్టేట్‌మెంట్లూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉండవు, రెండూ నిజాలే, కాబట్టి ఉమ్మడి మూలం తప్పకుండా ఉంటుంది.

లెక్కల_టీచర్

తీసేసే పద్ధతి చాలా మంచిది, దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే తీసేయడం కూడా అక్కర్లేదు. ఒకే క గురించి రెండు వర్గ సమీకరణాలు ఇచ్చారనుకోండి. రెండు మూలాలూ కలిసిపోతే ఒకటి ఇంకోదాని గుణిజం అయి తీరాలి. గుణిజం కాకపోతే ఒక్క మూలమే ఉమ్మడిగా ఉండగలదు, రెండు స్టేట్‌మెంట్లూ నిజం కాబట్టి ఆ ఒక్కటి ఉంటుంది. అంటే క విలువ అడిగినప్పుడు, రెండు సమీకరణాలు గుణిజాలు కాకపోతే కలిపి చాలు అని చూడగానే చెప్పేయవచ్చు. గుణిజాలైతే, ఉదాహరణకి క² − 5క + 6 = 0, 2క² − 10క + 12 = 0, రెండోది కొత్తగా ఏమీ చెప్పదు, తీసేస్తే 0 = 0 వస్తుంది, విలువ అడిగితే 4.

అయితే ఇది "కలిపితే" అన్న మెట్టుకి మాత్రమే. ఏదో ఒకటి విడిగానే చాలేమో ముందు చూడాలి, లేకపోతే 1 పెట్టాల్సిన చోట 3 పెడతారు. క² − 6క + 9 = 0 లాంటిది చూడండి, విచక్షణి (ఫార్ములాలో రూట్ లోపల వచ్చే విలువ) సున్నా, మూలం 3 ఒక్కటే, అది విడిగా చాలు. విచక్షణి 36 − 36 అని వేయడానికి రెండు సెకన్లు పట్టదు, ఆ పని మానకండి.

బీకాం_ఫైనల్ (కరీంనగర్)

ఇది చాలా ఉపయోగపడింది మేడమ్. ఇవన్నీ చదివాక ఒక బిట్ నేనే తయారు చేశాను, సరిగ్గా ఉందో లేదో చెప్పండి. క ఒక పూర్ణాంకం అయితే క విలువ ఎంత? స్టేట్‌మెంట్ 1: 2క² − 7క + 3 = 0. స్టేట్‌మెంట్ 2: క² − 4క + 3 = 0. గుణిజాలు కావు, కాబట్టి కలిపితే చాలు. కానీ మొదటిదానికి మూలాలు 3, 1/2, పూర్ణాంకం 3 ఒక్కటే కాబట్టి అది విడిగానే చాలు. రెండోదానికి 1, 3, చాలదు. నా జవాబు 1.

పీవో_ప్రిపరేషన్

కరెక్ట్. పైన "పూర్ణాంకం" అన్న మాట తీసేసి ఇంకోసారి చేసి చూడు, అదే బిట్ 3 అవుతుంది.

లెక్కల_టీచర్

బిట్ బాగుంది, రేపు మా పిల్లలకి ఇస్తాను. ఇంకా ప్రాక్టీస్ కావాలంటే దీన్నే మార్చుకోండి: స్టేట్‌మెంట్లు అవే ఉంచి, "పూర్ణాంకం" తీసేసి, ప్రశ్న మాత్రం "క > 0 అవునా?" అని మార్చండి. అప్పుడు రెండూ విడివిడిగానే చాలుతాయి, ఐసెట్‌లో దానికి ఆప్షన్ లేదు, జీమ్యాట్‌లో అయితే డి.